కిరణాలు హాజరు కావలెను

దొంతికొండ అడవిలో సూర్యుడు లేవడం కొత్త సంగతేమీ కాదు. అక్కడ చెట్లు మొలిచిన నాటి నుంచీ ఆయన చెట్ల వెనక నుంచే లేస్తున్నాడు. అందుకు ఎవరి అనుమతీ తీసుకోలేదు, ఎవరూ అడగనూ లేదు. కానీ ఆ మాఘమాసంలో ఒక ఫోటో కారణంగా ఈ వ్యవహారం ప్రభుత్వం దృష్టికి వెళ్లింది.

ఆ ఫోటో తీసినవాడు గౌరీసు. కొండ దిగువన సంతపేటలో అతనికొక స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు అతని జీవనాధారం. ఆ రోజు పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోల కోసం ఒక జంటను కారులో కొండ మీదికి తీసుకొచ్చాడు. ఘాటు రోడ్డు మలుపుల్లో పెళ్లికూతురికి వాంతులయ్యాయి. అది చూసి పెళ్లికొడుకు నవ్వాడు. ఆ పిల్ల ఇక కారు దిగలేదు.

"దిగమ్మా, ఎండ ముదిరిపోతాది" అని గౌరీసు బతిమాలాడు.

"ముందు ఆయన్ని ఆ నవ్వు ఆపమనండి" అంది లోపలి నుంచి.

పెళ్లికొడుకు ఆపలేకపోయాడు. ఊరికే నిలబడలేక గౌరీసు కెమెరాను అడవి వైపు తిప్పాడు. ఎదురుగా నల్లమద్ది చెట్లు, వాటి వెనక సూర్యుడు. పక్కన సన్యాసమ్మ టీ హోటలు. హోటలంటే ఒక రేకు కప్పు, రెండు బల్లలు, ఒక మట్టి పొయ్యి. మంచుకు కట్టెలు నాని పొయ్యి రాజుకోక ఒకటే పొగ. ఆ పొగ గాలి లేని చెట్ల మధ్య పల్చగా పరుచుకుంది. అందులోంచి ఎండ, జల్లెడలోంచి పిండి రాలినట్టు, చారలు చారలుగా నేలకు దిగింది. గౌరీసు నొక్కాడు. మండే కళ్లు తుడుచుకుంటూ కట్టెలమ్మినవాణ్ని తిడుతున్న సన్యాసమ్మ ఆ ఫోటోలో పడలేదు. తిట్లు అసలే పడలేదు.

ఆ జంట తర్వాత రాజీపడి సంతపేట పార్కులో ఫోటోలు తీయించుకున్నారు. గౌరీసు మాత్రం అడవి ఫోటో మీద "శుభోదయం" అని రాసి బంధువులకు పంపాడు. శుభోదయాలకు కాళ్లుంటాయి. అది బంధువుల నుంచి బంధువులకు నడిచి, చివరికి రాజధానిలో ప్రకృతి సౌందర్య ప్రోత్సాహక మండలి ఛైర్మన్ గారి ఫోనులోకి వెళ్లి ఆగింది.

ఛైర్మన్ గారు దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. "ఇది ఏ దేశమయ్యా?" అని అడిగారు.

"మనదే సార్. దొంతికొండ" అన్నారు జాయింట్ డైరెక్టరు కూర్మనాథరావు గారు.

"ఇలా ఎప్పుడు కనిపిస్తుంది?"

సర్వీసు మొత్తం మీద కూర్మనాథరావు గారు పైఅధికారి ముందు 'తెలియదు' అన్న మాట వాడి ఎరగరు. "రోజూ సార్" అన్నారు.

ఈ కథంతా ఆ 'రోజూ'లోంచి పుట్టిందే.

దొంతికొండ రేంజి అధికారి పేరు వేదవతి. వృక్షశాస్త్రం చదివి, పరీక్ష రాసి, ఇష్టపడి అడవి ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. వేసవిలో కార్చిచ్చు రాకుండా తన గార్డులతో కలిసి ఎండుటాకులు ఊడ్చేది. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో చూసుకుని, సొంతవాళ్లు కబురు పెట్టినట్టు సంతోషించేది. అలాంటి మనిషికి ఒకనాడు మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది.

"దొంతికొండ అటవీ ప్రాంతమునందు ప్రతిదినము ఉదయము కాంతి కిరణములను సందర్శకులకు అందుబాటులో ఉంచవలెను. సదరు కిరణముల నాణ్యత జతపరచిన ఛాయాచిత్రమునకు ఏమాత్రము తగ్గరాదు. కిరణములు సకాలములో హాజరగునట్లు చూచు బాధ్యత రేంజి అధికారిదే."

వేదవతి దాన్ని రెండోసారి చదివింది. తర్వాత కిటికీలోంచి సూర్యుడి వైపు చూసింది. తన కింద పనిచేసే సిబ్బంది వైపు చూసినట్టే చూసింది గాని, ఆయనకేం చెప్పాలో తోచలేదు.

వారం తిరక్కుండానే కూర్మనాథరావు గారు స్వయంగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. మాట్లాడితే ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నట్టే మాట్లాడతారు. జీపు దిగి నలువైపులా చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ పొగ ఏమిటి?"

"సన్యాసమ్మ హోటలండి" అంది వేదవతి. "కట్టెల పొయ్యి."

"పవిత్రమైన కిరణ ప్రాంతంలో పొగ మరియు పెనం! దీన్ని తక్షణం తొలగించాలి."

"సార్, ఒక్క మాట. గాల్లో పొగో మంచో దుమ్మో ఏదో ఒకటి ఉంటేనే ఎండ చారలుగా కనిపిస్తుంది. ఆ ఫోటోలో ఉన్నది ఈ పొయ్యి పొగే. గౌరీసునడగండి, చెబుతాడు."

కూర్మనాథరావు గారు జాలిగా నవ్వారు. "కిరణాలు సూర్యుడివమ్మా, సన్యాసమ్మవి కావు."

ఈ మాట ఆయనకే ఎంతో నచ్చి, వెనకున్న గుమాస్తాను రాసుకోమన్నారు.

సన్యాసమ్మ గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. "ఏటి రేంజరమ్మా! నాను పొమ్మంటే పోతాను గానీ, ఈ బాబు సూరీడికీ నా పొయ్యికీ ఏటి తగువు?"

వేదవతికి ఆవిడ మొహం చూడడం కష్టమైంది. "తగువేం లేదమ్మా. కొండ దిగువన బస్సులు ఆగే చోట నీకు జాగా ఇప్పిస్తాను. నేనే దగ్గరుండి సామాను దింపిస్తాను" అంది. అన్నట్టే డిపార్టుమెంటు జీపులో బల్లలూ, రేకులూ, గిన్నెలూ వేయించి, తానే ముందు కూర్చుని దిగువకు తీసుకెళ్లింది. ఉగాది వెళ్లేసరికి కొండ మీద పొగ లేదు. దాని స్థానంలో సిమెంటు అరుగు, ఇనప కటకటాలు, టిక్కెట్ల గది, 'కిరణ దర్శన కేంద్రం' అన్న పెద్ద బోర్డు వెలిశాయి. బోర్డు మీద గౌరీసు తీసిన ఫోటోయే వేశారు. గౌరీసు పేరు వేయలేదు. 'సౌజన్యం: సూర్యుడు' అని కూడా వేయలేదు.

మొదటి ఆదివారం జనం బాగానే వచ్చారు. విజయనగరం నుంచి ఒక లెక్కల మాస్టారు కుటుంబంతో దిగారు. కటకటాల దగ్గర ముందు వరసలో నిలబడి చాలాసేపు చూశారు. ఎదురుగా చెట్లున్నాయి, ఆకులున్నాయి, ఆకుల మీద ఎండ శుభ్రంగా, తేటగా, అందరికీ సమానంగా పడుతోంది.

"ఇదేంటండీ, మామూలు ఎండే కదా!" అన్నారాయన టిక్కెట్ల గది దగ్గరికొచ్చి. "ఇది మా డాబా మీద కూడా ఉంది. అక్కడ వడియాలు పెట్టుకుంటాం."

ఆ సాయంత్రమే వేదవతికి మెమో వచ్చింది. ఆదివారం నాడు కిరణములు విధులకు గైర్హాజరగుటకు కారణములు తెలుపుతూ సంజాయిషీ ఇవ్వవలెనట. ఆమె నిజమే రాసింది. సూర్యుడు వేళకే వచ్చాడు, చెట్లు తమ స్థానాల్లోనే ఉన్నాయి, పొగ మాత్రం లేదు, ఎందుకంటే దాన్ని మనమే తీసేశాం అని. అది అందగానే కూర్మనాథరావు గారు ఫోను చేశారు.

"పొగ అనే పదం మీరు వాడకూడదమ్మా. మేం తొలగించినదాన్ని మళ్లీ మేమే కోరుతున్నామనే దురభిప్రాయం కలుగుతుంది. 'దృశ్య సహాయక మాధ్యమం' అనండి."

"సరే సార్. దృశ్య సహాయక మాధ్యమాన్ని మనం దిగువకు పంపేశాం. ఇప్పుడది బస్సుల దగ్గర ఉంది."

"గౌరవప్రదంగా వెనక్కి పిలుద్దాం" అన్నారాయన.

పిలవడానికి ఆయనే వచ్చారు. బస్సులు ఆగే చోట సన్యాసమ్మ హోటలు ముందు జనం మూగి ఉన్నారు. డ్రైవర్లు, సంతకు పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు. జాయింట్ డైరెక్టరు గారు బల్ల మీద చోటు దొరికేదాకా నిలబడి, టీ తాగి, గొంతు సవరించుకుని, విశాల ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఆమె తన పూర్వ స్థానాన్ని అలంకరించాలని మండలి అభిలషిస్తున్నదని చెప్పారు.

సన్యాసమ్మ వేదవతి వైపు తిరిగింది. "ఏటంటన్నాడమ్మా?"

"మళ్లీ పైకి రమ్మంటున్నారు."

"ఓలమ్మో, నాను రాను బాబూ! ఇక్కడ బస్సులాగతాయి. పైన కోతులే ఆగీవి. పెసరట్టు నా సేతిలోంచే ఎత్తుకెల్లిపోయీవి."

"పోనీ, ఉదయం పూట మాత్రం పొయ్యి వెలిగించి..." అన్నారు కూర్మనాథరావు గారు, పొగ అన్న పదం తప్పించుకుంటూ.

"పొయ్యేటి బాబూ? గేసు ఒచ్చీసింది. సూడు, ఒక్క సుక్క పొగ నేదు. కల్లు సల్లగున్నాయి" అని ఆవిడ స్టవ్వు మీద గిన్నె ఎత్తి నీలిమంట చూపించింది. కూర్మనాథరావు గారు ఆ మంట వైపు చాలా నిరుత్సాహంగా చూశారు. అంత శుభ్రమైన మంట ఆయన సర్వీసులో చూసి ఉండరు.

మండలి చేతులు ముడుచుకుని కూర్చునేది కాదు. సంతపేట పంచాయతీలో దోమల పొగ కొట్టే మిషను ఉంది. దాన్ని ప్రతి ఉదయం కొండ మీదికి పంపే ఏర్పాటు జరిగింది. మొదటి రోజు మిషను చెట్ల వెనకకు వెళ్లి బుర్రుమంది. తెల్లటి పొగ చెట్ల మధ్య లేచింది. అందులోంచి కిరణాలు దిగాయి. నిజం చెప్పాలంటే మంచి కిరణాలే, దూలాల్లా ఉన్నాయి. జనం "అబ్బా!" అన్నారు. ఆ తర్వాత దగ్గారు.

"కిరణం బాగుంది గానీ, కళ్లు తెరవనివ్వడం లేదు నాయనా" అంది ఒక పెద్దావిడ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని.

అప్పుడే కొండ కింద నుంచి గంటలు మోగించుకుంటూ అగ్నిమాపక బండి వచ్చింది. అడవిలో పొగ కనిపిస్తే చాలు, అటవీశాఖలోని అగ్ని నివారణ విభాగం దాన్ని పిలవాలి. అది నిబంధన. మనుషులు గొట్టాలు పట్టుకుని దిగారు. పొగ మీద, మిషను మీద, కటకటాల మీద, విజయనగరం నుంచి పట్టు వదలక రెండోసారి వచ్చిన లెక్కల మాస్టారి మీద నీళ్లు కొట్టారు. కాసేపట్లో ఎండ మళ్లీ తేటపడింది.

వేదవతికి ఒకే రోజు రెండు కాగితాలొచ్చాయి. కిరణములను విజయవంతముగా హాజరుపరచినందుకు సౌందర్య మండలి అభినందన ఒకటి. రిజర్వు అడవిలో పొగ రేపినందుకు అగ్ని నివారణ విభాగం వారి అభియోగం రెండోది. గార్డులకు రెండూ చదివి వినిపించింది. అందులో ముసలిగార్డు, "అయితే మనకి సన్మానం ముందా, సస్పెన్షను ముందా మేడం?" అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గాని, రెండో కాగితాన్ని మడిచే ముందు మరోసారి చదువుకుంది. ఉద్యోగం పోతే పోయేది జీతమొక్కటే కాదు, ఈ చెట్లు కూడా అని ఆమెకు తెలుసు.

ఆ ఒక్క ఉదయం కిరణాలు వచ్చినందుకు మండలి ఉత్సాహం రెట్టింపయింది. కిరణాలు ప్రభుత్వ ఆస్తి గనుక వాటిని లెక్కించి పంపాలన్నారు. మిషను తెచ్చిన రోజు తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని గార్డులు లెక్కపెట్టారు. ఒకరికొచ్చిన లెక్క మరొకరికి రాలేదు. సన్నవి కలపాలా వద్దా అని వాదించుకున్నారు. చివరికి రెండు చెట్ల మధ్య సందుకు ఒక కిరణం చొప్పున వేసి ఒక సంఖ్య తేల్చారు. దాన్ని కూర్మనాథరావు గారు సంతకం పెట్టి, ముద్ర వేసి ప్రభుత్వానికి పంపించారు. రాష్ట్రానికి ఇన్ని కిరణాలున్నాయని అధికారికంగా తేలడం అదే మొదలు.

ఇక పొగ కుదరదు గనుక, పొగ కాని మాధ్యమం కోసం సమన్వయ సమావేశం జరిగింది. అగ్ని నివారణ అధికారి, "పొగ తప్ప ఏదైనా మాకు సమ్మతమే" అన్నాడు. ఎవరో దుమ్ము అన్నారు. దుమ్ముకు మేకలైతే బాగుంటుందన్నారు. వాటికి 'తాత్కాలిక ధూళి వనరులు' అని నామకరణం జరిగింది. మర్నాడు ఒక మందను చెట్ల వెనక నుంచి పరిగెత్తించే ఏర్పాటు చేశారు. మేకలు పరిగెత్తలేదు. అంత లేత పచ్చదనం మధ్య పరిగెత్తే మేక ఎక్కడైనా ఉంటుందా? కిందటి వనమహోత్సవంలో నాటిన మొక్కలను ఒక వరస నుంచి నమిలి, అరుగుకు కట్టిన గుడ్డ బ్యానరులో 'కిరణ' వరకూ తిని, 'దర్శన కేంద్రం' మిగిల్చాయి. మేత నిషేధ విభాగం నుంచి వేదవతికి మూడో కాగితం వచ్చింది.

ఈలోగా ఛైర్మన్ గారి పర్యటన ఖాయమైంది. కిరణ దర్శన కేంద్రాన్ని తామే స్వయంగా చూసి తరిస్తామన్నారు. ఆ కబురుతో కూర్మనాథరావు గారికి నిద్ర కరువైంది. దొంతికొండ వచ్చి అరుగు మీద అటూ ఇటూ నడిచారు. నడిచి నడిచి, హఠాత్తుగా ఆగారు.

"మూలకారణం దొరికింది. కిరణాలకు అడ్డు పడుతున్నవి ఏవి?"

"ఏవి సార్?"

"చెట్లు!" అన్నారాయన. "సూర్యుడికీ సందర్శకుడికీ మధ్య ఇన్ని చెట్లుంటే కిరణం ఎలా వస్తుంది? ఒకటి విడిచి ఒకటి తొలగిద్దాం. విశాలమైన కిరణ మార్గం ఏర్పడుతుంది."

మధ్యాహ్నానికల్లా ఆయన మనుషులు ఎర్రరంగు డబ్బాలతో వచ్చి నల్లమద్ది బోదెల మీద అడ్డగీతలు గీశారు. రెండు రోజుల్లో రంపాలు వస్తాయన్నారు. ఆ సాయంత్రం ఆమె ఒక్కతే చెట్ల మధ్యకు వెళ్లింది. ఒక బోదె మీద చెయ్యి వేస్తే రంగు ఇంకా ఆరలేదు, అరచేతికి అంటుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ చెట్లు నీడనిస్తాయి, నీళ్లు పట్టి ఉంచుతాయి, వందల పిట్టలు వీటి మీద బతుకుతాయి అని చెబితే కూర్మనాథరావు గారు వినరు. ఆయన వినే మాట ఏదో వెతకాలి. కటకటాల దగ్గర కూర్చుని ఆలోచించింది. గార్డులు కిరణాలు లెక్కపెట్టుకుంటూ పోట్లాడుకున్న సంగతి గుర్తొచ్చి, మొదట నవ్వొచ్చింది. తర్వాత లేచి నిలబడింది.

మర్నాడు ఉదయం అతిథి గృహంలో కూర్మనాథరావు గారు ఇడ్లీ తింటుంటే వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"సార్, ఒక సందేహం. రెండు చెట్ల మధ్య సందులోంచి వచ్చేదే కదా కిరణం? మన లెక్క కూడా అలాగే వేశాం."

"అవును. శాస్త్రీయంగానే వేశాం."

"మధ్య చెట్టు కొట్టేస్తే, దానికి అటున్న సందూ ఇటున్న సందూ కలిసి ఒకటే సందవుతుంది."

"విశాలమవుతుంది. మంచిదే కదా."

"విశాలమే సార్. కానీ రెండు కిరణాలు ఒకటవుతాయి. కిరణం ఎంత లావైనా లెక్కలో ఒకటే. అంటే చెట్టుకొక కిరణం చొప్పున తగ్గిపోతుంది."

ఇడ్లీ నోటి దగ్గర ఆగింది.

"మీరు సంతకం పెట్టి ప్రభుత్వానికి పంపిన కిరణాలు సార్" అంది వేదవతి మెల్లగా. "రేపు ఆడిట్ వాళ్లొచ్చి, ఇక్కడ ఉండాల్సిన కిరణాల్లో సగం ఏమయ్యాయని అడిగితే ఏం చెప్పమంటారు? అమ్ముకున్నామా, పారేసుకున్నామా?"

కూర్మనాథరావు గారు ఇడ్లీని ప్లేటులో పెట్టేశారు. లేచి కిటికీ దగ్గరికెళ్లి చెట్ల వైపు చూశారు. బహుశా ఆయన వాటిని శ్రద్ధగా చూడడం అదే మొదటిసారి.

"చెట్లకు ఆ రంగు ఎవరు వేయమన్నారు?"

"మీరే సార్."

"ఆ సంగతి వదిలేయండి. తుడిపించండి." ఆయన గొంతులో మళ్లీ బలం వచ్చింది. "ఈ వృక్షాలు సాధారణ వృక్షాలు కావు. ఇవి కిరణ విభాజకాలు. వీటిలో ఒక్కటి కూలినా ప్రభుత్వానికి శాశ్వత కిరణ నష్టం. ఒక కొమ్మ కూడా నరకరాదు. కొమ్మకు కొమ్మకు మధ్య సందులో మనం లెక్కించని చిన్న కిరణాలు ఉండవచ్చు. రాసుకో!" అని గుమ్మం దగ్గరున్న గుమాస్తా వైపు తిరిగారు.

ఆ విధంగా దొంతికొండ నల్లమద్ది చెట్లకు, అటవీ చట్టం కూడా ఇవ్వనంత రక్షణ లభించింది. గార్డులు కిరసనాయిలు గుడ్డలతో రంగు తుడుస్తుంటే వేదవతి కూడా ఒక గుడ్డ తీసుకుంది.

చెట్లు దక్కాయి గాని కిరణాలు దక్కలేదు. పొగ లేదు, మేకలు లేవు, మిషను పంచాయతీకి వెళ్లిపోయింది. మంచు కాలం ఎప్పుడో దాటిపోయింది. ఛైర్మన్ గారు వచ్చే రోజు ఉదయం కూర్మనాథరావు గారు ఆయనకు ఎదురెళ్లి, వాహనాల వరసలో ముందు జీపులో కూర్చున్నారు. ఆయన మొహం, పరీక్ష బాగా రాయని కుర్రవాడు ఫలితాలు చూసుకోవడానికి వెళ్తున్నట్టు ఉంది. అరుగు దగ్గర వేదవతి, గార్డులు, ఫోటో తీయడానికి పిలిపించిన గౌరీసు నిలబడ్డారు.

"ఏటి సేద్దాం మేడంగారూ? తీయడానికి ఏటీ లేదు కదా" అన్నాడు గౌరీసు.

"ఉన్నదున్నట్టు చెప్పేద్దాం" అంది వేదవతి. "చెట్లున్నాయి. చూస్తే చూస్తారు, లేకపోతే లేదు."

కొండ మీద ఆఖరి మలుపు నుంచి అరుగు దాకా ఉన్నది మట్టిరోడ్డే. అది చెట్ల వెనక నుంచి చుట్టు తిరిగి వస్తుంది. ఆ దారిన ముందు జీపు, వెనక ఛైర్మన్ గారి కారు, దాని వెనక సభ్యుల కార్లు, వాళ్ల సహాయకుల కార్లు, సహాయకుల బంధువుల వ్యానూ వచ్చాయి. ఎర్రమట్టి మేఘంలా లేచింది. గాలి లేదు. దుమ్ము చెట్ల మధ్య నిలిచిపోయింది. వెనక సూర్యుడు. గౌరీసు అప్రయత్నంగా కెమెరా కంటికి ఆనించాడు.

ఛైర్మన్ గారు కారు దిగి అరుగెక్కేసరికి అడవి నిండా కిరణాలు. పైనుంచి కింది దాకా, బంగారు పంచెలు ఆరేసినట్టు. ఎక్కడో ఒక వడ్రంగిపిట్ట చెట్టును పొడుస్తోంది.

"కూర్మనాథరావు గారూ" అన్నారు ఛైర్మన్ గారు, గొంతు తగ్గించి. "రోజూ ఇంతేనా?"

కూర్మనాథరావు గారు ఇంకా జీపు దగ్గర బూట్ల మీద దుమ్ము దులుపుకుంటున్నారు. కంగారుగా వచ్చి వేదవతి వైపు చూశారు.

"లేదు సార్" అంది వేదవతి. "మీ బండ్లొచ్చినందుకే ఇలా ఉంది. ఆ దుమ్ము వల్లే. మీరు రాని రోజున మామూలు ఎండే."

ఛైర్మన్ గారి మొహం మెల్లగా వికసించింది.

"అంటే నేను వస్తేనే కిరణాలొస్తాయంటావు!"

"ఒక విధంగా అంతే సార్."

ఛైర్మన్ గారు చాలాసేపు వినయంగా నేల చూశారు. "కానీ ప్రజలకు రోజూ కావాలి కదమ్మా. నేను రోజూ రాలేను." చుట్టూ చూశారు. చూపు ఒక చోట ఆగింది. "కూర్మనాథరావు గారూ, నా తరఫున మీరు రండి. ఇక్కడే ఉండి, ప్రతిరోజూ మీ వాహనంలో స్వయంగా ఈ మార్గాన్ని పర్యవేక్షించండి."

ఉత్తర్వు సాయంత్రానికే వచ్చింది. దుమ్ము పొగ కాదు గనుక అగ్ని నివారణ విభాగానికి అభ్యంతరం లేదు. జీపు మొక్కలు తినదు గనుక మేత నిషేధ విభాగానికీ లేదు. ఇన్ని విభాగాలు ఏకాభిప్రాయానికి రావడం ఆ రాష్ట్రంలో అరుదు. వేదవతి మీద ఉన్న రెండు అభియోగాలనూ, మాధ్యమం మారినందున, మూసేశారు.

ఆ ఏడాది వానలు వెళ్లి నేల మళ్లీ ఆరిన దగ్గర నుంచీ కూర్మనాథరావు గారు దొంతికొండ అతిథి గృహంలోనే ఉంటున్నారు. పొద్దున్నే తయారై జీపులో కూర్చుంటారు. జీపు చెట్ల వెనక మట్టిరోడ్డు మీద వెళ్తుంది, వస్తుంది, మళ్లీ వెళ్తుంది. అరుగు మీద జనం "అబ్బా!" అంటారు. లెక్కల మాస్టారు ఈసారి తన స్కూలు పిల్లలనందరినీ తీసుకొచ్చారు. వాళ్లు కిరణాలు లెక్కపెట్టబోతే, "వద్దు, ఊరికే చూడండ్రా" అన్నారట.

మొదట్లో కూర్మనాథరావు గారు ముభావంగా ఉండేవారు. తర్వాత తర్వాత వేదవతితో మాటలు కలిశాయి. పిట్టల పేర్లు అడిగేవారు. ఆయన మాటల్లో 'మరియు' తగ్గింది. ఒకనాడు సన్యాసమ్మ హోటల్లో ఇద్దరూ టీ తాగుతుంటే, పక్క బల్ల మీది సందర్శకులు కిరణాల గురించి మురిసిపోతూ చెప్పుకుంటున్నారు. ఆయన చెవి అటే పెట్టి విన్నారు.

"అంత బాగుంటాయా అమ్మా?" అని అడిగారు.

వేదవతికి అర్థం కాలేదు. "అదేంటి సార్, మీరు చూడలేదా?"

"ఎలా చూస్తాను? నేను జీపులో ఉంటాను. జీపు ఆగితే కిరణాలు ఆగిపోతాయి. ఛైర్మన్ గారు వచ్చిన రోజున కూడా బూట్లు దులుపుకుని తలెత్తేసరికి దుమ్ము అణిగింది."

సన్యాసమ్మ గ్లాసులు కడుగుతూ, "అయ్యో బాబూ, వొండినోడికి కూడు దొరకనట్టుగుంది నీ పని" అంది.

ఆ ఆదివారం పొద్దున్నే వేదవతి అతిథి గృహానికి వెళ్లి జీపు తాళం అడిగింది.

"ఈ పూట నేను తిప్పుతాను సార్. మీరు అరుగు మీద నిలబడండి."

ఆయన భయపడ్డారు. "ఉత్తర్వు ప్రకారం జాయింట్ డైరెక్టరు వాహనంలో ఉండవలెను కదా!"

"మీ చేతిసంచి సీట్లో పెట్టండి. మీ తరఫున అది పర్యవేక్షిస్తుంది."

ఆయన కాసేపు తటపటాయించి, సంచిని సీటు మీద నిటారుగా కూర్చోబెట్టి వెళ్లారు. వేదవతి జీపును మట్టిరోడ్డు మీదికి పోనిచ్చి, మలుపు దాకా వెళ్లి, తిరిగి, మళ్లీ వెళ్లింది. ఆమెకు అద్దంలో ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించలేదు. కావలసినంత దుమ్ము లేచిందనుకున్నాక ఆపి, నడిచి అరుగు దగ్గరికి వచ్చింది.

కూర్మనాథరావు గారు జనం మధ్య కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కిరణాలు అప్పుడే ఒక్కొక్కటిగా సన్నగిల్లుతున్నాయి. ఆయన నోరు కాస్త తెరుచుకుని ఉంది. కళ్లద్దాల మీద దుమ్ము పడినా తుడుచుకోలేదు. వేదవతి పక్కన వచ్చి నిలబడినా చాలాసేపు ఆమె వైపు తిరగలేదు. చివరి కిరణం ఆకుల్లో కలిసిపోయాక, మెల్లగా అన్నారు.

"ఫైల్లో ఇంత బాగా లేదమ్మా."